జవాబు వచ్చాక

నేను ఒక పద్ధతిని. ఒక ఊళ్ళో ఉన్న కంప్యూటరు ఇంకో ఊళ్ళో ఉన్న కంప్యూటరుకి పని చెప్పాలంటే ఏ మాటల్లో చెప్పాలి, అవతలిది ఏ మాటల్లో బదులివ్వాలి, బదులు రాకపోతే ఇవతలిది ఏం చెయ్యాలి అని ఇద్దరు మనుషులు కూర్చుని ముందుగా అనుకున్నారు. ఆ అనుకున్నదే నేను. చదువుకున్నవాళ్ళు నన్ను ప్రోటోకాల్ అన్నారు. నాకు బరువు లేదు, రంగు లేదు, తుప్పు పట్టే భాగం ఒక్కటీ లేదు. నాణెమైతే ఫలానా టంకశాలలో పుట్టానని చెప్పుకుంటుంది. నేను కాకినాడలో, కళ్ళజోళ్ళ దుకాణం మీద ఉన్న ఓ ఇరుకు ఆఫీసులో, తెల్లబోర్డు మీద నీలం మార్కరుతో పుట్టాను. పుట్టిన గంటలోనే నన్ను రెండుసార్లు చెరిపేశారు.

ఆ ఆఫీసులో షేక్ మస్తాన్‌వలి ఆస్పత్రులకి ప్రోగ్రాములు రాసేవాడు. తక్కువ మాట్లాడే మనిషి. ఆయనకి ఒక్కతే కూతురు, జహీరా. ఒకటో తరగతి చదువుతోంది. పుట్టుకతోనే థలసీమియా. అంటే ఒంట్లో రక్తం పుట్టాల్సినట్టు పుట్టదు. మూడు నాలుగు వారాలకోసారి ఎవరో ఒకరి రక్తం ఎక్కించాలి, బతికినంత కాలం ఎక్కిస్తూనే ఉండాలి. అందులోనూ ఆ పిల్లది బి నెగటివ్. అడిగిన చోటల్లా దొరికే రక్తం కాదు.

ఎక్కించే రోజు దగ్గర పడుతోందంటే మస్తాన్‌వలి ఫోను పట్టుకునేవాడు. కాకినాడ అయ్యాక సామర్లకోట, తర్వాత పిఠాపురం, తుని, రాజమండ్రి. "బి నెగటివ్ ఉందాండీ?" అని ఒకే ప్రశ్న, ఒకే గొంతుతో. కొందరు ఉందనేవాళ్ళు, కొందరు లేదనేవాళ్ళు, కొందరు ఆగమని చెప్పి ఫోను బల్ల మీద పెట్టి మరిచిపోయేవాళ్ళు. ఒకసారి సామర్లకోటలో ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. అక్కడ లేదు కాబోలనుకుని ఆయన వేరే ఊళ్ళు వెతుక్కున్నాడు. ఆ పూటంతా జహీరా మెట్లెక్కలేక, అన్నం తినలేక, తల్లి ఒళ్ళో వాలిపోయి ఉంది. మర్నాడు తెలిసింది, సామర్లకోటలో రక్తం ఉందట. ఫోను దగ్గర మనిషి లేరంతే.

ఈ ఫోనులన్నీ పక్క బల్ల దగ్గర కూర్చున్న తబిత వింటూ ఉండేది. రామచంద్రపురం వైపు పిల్ల. మస్తాన్‌వలి కంటే పదేళ్ళు చిన్న. పని చేస్తున్నంతసేపూ చిన్నగా పాట పాడుకునే అలవాటు, ఎవరు ఏం చెప్పినా "ఎందుకని?" అని అడిగే అలవాటు ఉన్నాయి. మస్తాన్‌వలిని అన్నా అని పిలిచేది. సామర్లకోట సంగతి తెలిసిన రోజు ఆ అమ్మాయి పాట ఆపేసింది.

"అన్నా, వాళ్ళందరి దగ్గరా కంప్యూటర్లున్నాయి కదా. ఏ సంచి ఏ గ్రూపో అందులో రాసుకుంటున్నారు కదా. మరి నువ్వు మనుషుల్ని అడగడం దేనికి? మన కంప్యూటరు వాళ్ళ కంప్యూటర్ని అడిగితే పోలా?"

మస్తాన్‌వలి కుర్చీ వెనక్కి జరిపి ఆమె వైపు చూశాడు. "అడిగితే సరిపోదు. ఉందని చెప్పాక నేను బండేసుకుని వెళ్ళేలోగా ఇంకొకళ్ళకి ఇచ్చేస్తే?"

"అయితే పక్కన పెట్టమని కూడా చెప్పాలి."

"ఎలా చెప్తాం?"

"అదే తేల్చాలి," అంటూ తబిత మార్కరు మూత తీసింది. నా పుట్టుక అదీ.

ఆ చుట్టుపక్కల చిన్న ఊళ్ళలో రక్తనిధుల్ని ఒక సేవాసంస్థ నడిపేది. వాళ్ళు సరేనన్నారు. ఆఫీసు యజమాని కూడా, మీ పని చెడకుండా చేసుకోండని వదిలేశాడు. ఇక ఇద్దరూ నన్ను తయారు చేసే పనిలో పడ్డారు.

ముందు మస్తాన్‌వలి, "ఇలాంటి పద్ధతులు లోకంలో బోలెడున్నాయి కదా, వాటిల్లో ఒకటి తెచ్చుకుందాం," అన్నాడు. తబిత అలాంటిదొకటి అచ్చు తీసి తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండు చేతులతో ఎత్తాల్సిన కట్ట. "ఇది చదివేసరికి మన జహీరా పెళ్ళీడుకొస్తుందన్నా," అంది. ఇద్దరూ నవ్వారు. మనుషులు రాబోయే సంవత్సరాల్ని ఎంత ధీమాగా వాడేసుకుంటారో నేను మొదటిసారి చూసింది అప్పుడే.

సరే, నన్ను చిన్నగా చెయ్యాలనుకున్నారు. రక్తనిధుల్లో ఉన్నవి పాత కంప్యూటర్లు. పైగా బయటివాళ్ళు చొరబడకుండా వాటికి తలుపులన్నీ బిగించేసి ఉండేవి. వెబ్ పేజీలు వచ్చి పోయే దారి, హెచ్‌టీటీపీ అంటారే, అదొక్కటే తెరిచి ఉండేది. కొత్త దారి వెయ్యాలంటే ప్రతి ఊళ్ళోనూ ఎవరినో ఒప్పించాలి. అప్పుడు తబిత, "మా ఊరికి మందులు పంపాలంటే మా నాన్న ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాడన్నా. బస్సు ఎలాగూ వెళ్తుంది కదా. మనమూ అంతే. ఆ దారిన పోయే బస్సులోనే మన కవరు పెట్టేద్దాం," అంది.

ఆ కవరులో ఏముండాలన్నది ఎంతో ఆలోచించలేదు. చెయ్యాల్సిన పని పేరు, దానికి కావలసిన వివరాలు, ప్రశ్నకి ఒక నంబరు. తిరుగు కవరులో అదే నంబరు, దానితో పాటు పని ఫలితమో, పని ఎందుకు కాలేదన్న కారణమో, రెంటిలో ఒకటే. నా ఒంట్లో ఉన్న ఎముకలు అంతే. మొత్తం రాస్తే రెండు కాగితాలు దాటలేదు.

పేచీ అంతా ఆ తర్వాత వచ్చింది. వెబ్ పేజీల దారికి ఒక అలవాటుంది. సామాను క్షేమంగా చేరితే చాలు, అంతా బాగుందని పైన ఒక ముద్ర కొట్టేస్తుంది. ఆ ముద్ర చూసి పని అయిపోయినట్టే లెక్కేసుకుందామన్నాడు మస్తాన్‌వలి. తబిత ఒప్పుకోలేదు.

"బస్సు వచ్చిందంటే మందు వచ్చినట్టు కాదన్నా. కవరు విప్పి చూస్తే 'మీ మందు దొరకలేదు' అని చీటీ ఉండొచ్చు. బస్సు సంగతి వేరు, కవరు సంగతి వేరు."

ఆ రోజు మధ్యాహ్నమంతా వాదించుకుని చివరికి ఆమె మాటే ఖాయం చేశారు. బస్సు ముద్రని నమ్మకూడదు, కవరు విప్పి చూసి తీరాలి.

ఇంకోటి మస్తాన్‌వలి పట్టుబట్టి పెట్టించాడు. జవాబు రాకపోతే దాన్ని 'లేదు' అనుకోకూడదు. 'తెలియదు' అనాలి. తెలియదన్నప్పుడు మళ్ళీ అడగాలి. ఈ నియమం రాసేటప్పుడు ఆయన చెయ్యి కాస్త గట్టిగా నొక్కడం వల్ల ఆ అక్షరాలు మిగతావాటికంటే ముదురుగా పడ్డాయి. ఎందుకో తబితకి తెలుసు. ఆమె ఆ నియమానికి మాత్రం ఎందుకని అని అడగలేదు.

కాని ఆ నియమంలోనే ఒక చిక్కుంది. నన్ను పరీక్షిస్తున్న రోజుల్లో సామర్లకోట రక్తనిధి నుంచి కనకరత్నం గారు ఫోను చేశారు. అక్కడ రక్తం పరీక్షలు చేసే పెద్దావిడ ఆవిడ. "ఏం బాబూ, మీ పాపకి ఒక సంచి చాలుగా? మీ కంప్యూటరు రెండు పక్కన పెట్టించింది. ఇందాక కాన్పుకొచ్చిన పిల్లకి లేదని చెప్పి పంపించేశానే!" అన్నారు. జరిగింది ఇదీ. మొదటి ప్రశ్న చేరింది, సంచి పక్కన పెట్టారు, జవాబు మాత్రం దారిలో పోయింది. ఇవతలిది 'తెలియదు' అనుకుని మళ్ళీ అడిగింది. అవతలిది దాన్ని కొత్త ప్రశ్న అనుకుని ఇంకో సంచి తీసి పెట్టింది. ఆ కాన్పు పిల్లకి కాకినాడలో రక్తం దొరికింది, తల్లీ బిడ్డా బాగున్నారు. కాని ఆ సంగతి తెలిసేదాకా మస్తాన్‌వలి కుర్చీలో కుదురుగా కూర్చోలేదు.

"నా కూతురి కోసం ఇంకొకళ్ళ కూతురి రక్తం పట్టుకున్నాను తబితా," అన్నాడు.

"నువ్వు పట్టుకోలేదు. మనం సరిగ్గా అనుకోలేదు, అంతే," అని ఆమె మళ్ళీ బోర్డు దగ్గరికి వెళ్ళింది. ఒకే నంబరుతో ప్రశ్న రెండోసారి వస్తే పని రెండోసారి చెయ్యకూడదు, మొదట ఇచ్చిన జవాబే మళ్ళీ ఇవ్వాలి అని రాసింది. దాంతో నేను పూర్తయ్యాను. ఇప్పుడు ఎన్నిసార్లు అడిగినా ఎవరి వాటా తగ్గదు.

ఆ నెల జహీరా కోసం నేను పిఠాపురాన్ని అడిగాను. ఉంది, పక్కన పెట్టాను అని జవాబు వచ్చింది. మస్తాన్‌వలి ఫోను ముట్టుకోకుండా స్కూటరు తాళం తీసుకున్నాడు. తబిత వెనకనుంచి, "హెల్మెట్టు మర్చిపోయావన్నా!" అని అరిచింది.

ఆ తర్వాత ఏళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అవే నా మంచి రోజులు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పాకాను. జహీరా లాంటి పిల్లలు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు, వాళ్ళకోసం అడిగాను. ప్రమాదాలకి, కాన్పులకి, ఆపరేషన్లకి అడిగాను. రక్తం దొరికినవాళ్ళు దేవుడికి దండం పెట్టారు, డాక్టరుకి దండం పెట్టారు, ఆస్పత్రి గేటు దగ్గరి వాచ్‌మన్‌కి కూడా దండం పెట్టారు. నా సంగతి వాళ్ళకి తెలియనే తెలియదు. మహా అయితే, "కంప్యూటర్లో చూసి చెప్పార్రా," అనుకునేవాళ్ళు. దొరకనప్పుడు మాత్రం ఆ కంప్యూటర్నే తిట్టేవాళ్ళు. నాకేం బాధ లేదు. మధ్యలో ఉండేవాటి బతుకే అంత.

తబితకి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. అయినా నాకు ఏ చిన్న జబ్బు చేసినా ఆమెకే ఫోను వెళ్ళేది. జహీరాకి పదో తరగతిలో మంచి మార్కులొస్తే మిఠాయి పొట్లం బస్సులో పంపించారు. "కవరు విప్పి చూశావా, బస్సు వచ్చిందని ఊరుకున్నావా?" అని మస్తాన్‌వలి ఆరోజు ఫోనులో నవ్వాడు. ఆయన అంతగా నవ్వడం ఆఫీసులో ఎవరూ ఎరగరు.

కూతురి విషయంలో ప్రతిసారీ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేకుండా మస్తాన్‌వలి ఒక ఏర్పాటు చేసుకున్నాడు. ఎక్కించే రోజుకి కొంచెం ముందు, పొద్దున పూట, ఆయన ఏమీ నొక్కకుండానే ప్రశ్న దానంతటదే బయల్దేరుతుంది. జహీరా పేరు, గ్రూపు, ఏ ఆస్పత్రి. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళో సంచి పక్కన పెడతారు, ఆయన పెట్టిన గడువు తీరేదాకా ఇంకొకళ్ళకి ఇవ్వరు. తల్లి షంషాద్ ఆరోజు కూతురికి ఇష్టమైన పులిహోర కలిపి డబ్బాలో పెట్టి, ఆస్పత్రికి తోడు వెళ్ళేది. సూది గుచ్చేటప్పుడు చెయ్యి పట్టుకునేది. మస్తాన్‌వలి రక్తం సంచి తెచ్చి ఇచ్చి వరండాలో నిలబడేవాడు. ఆయన సూది చూడలేడు.

జహీరా పొడుగైంది. ఇంటర్ అయి డిగ్రీలో చేరింది. రక్తం ఎక్కిన కొన్నాళ్ళు బుగ్గలు ఎర్రగా, నవ్వుతూ తిరిగేది. మళ్ళీ రోజు దగ్గర పడుతుంటే పాలిపోయేది. ఒకసారి తండ్రి ఆఫీసుకి వచ్చి నన్ను చూపించమంది. చూపించడానికి నాలో ఏముంది? మస్తాన్‌వలి తెరమీద ఒక ప్రశ్న, దాని జవాబు చూపించాడు. ఆ అమ్మాయి చాలాసేపు చూసి, "ఇంతేనా నాన్నా?" అంది. "ఇంతేనమ్మా," అన్నాడాయన కొంచెం సిగ్గుపడుతూ.

ఇప్పుడు అసలు విషయం చెప్పాలి. ఎక్కించే రక్తంలో ఇనుము ఉంటుంది. ఒంటికి దాన్ని బయటికి పంపడం చేతకాదు. సంచి వెనక సంచిగా అది లోపల పేరుకుంటుంది. దానికి మందులున్నాయి, జహీరా వాడుతూనే ఉంది. పొట్ట మీద సూది పెట్టుకుని గంటల తరబడి ఉండే మందు కొన్నేళ్ళు, తర్వాత మాత్రలు. అయినా ఇనుము ఆ పిల్ల గుండెని పట్టింది. నేను మోసుకొచ్చిన ప్రతి 'ఉంది' వెనకా రవ్వంత ఇనుము కూడా వచ్చింది. ఆ సంగతి నాకు తెలియదు. తెలిసినా అడగడం మానడానికి లేదు, మానితే ఆ పిల్ల అంతకుముందే పోయేది.

ఆ వేసవిలో జహీరాకి ఆయాసం వచ్చి ఆస్పత్రిలో చేర్చారు. డాక్టరు కామేశ్వరి గారు ఆ పిల్లని చిన్నప్పటి నుంచీ చూస్తున్న మనిషి. రక్తం కావాలన్నారు. నేను అడిగాను. సామర్లకోట వెంటనే ఉందని చెప్పింది. దారిలో ఏదీ పోలేదు, ఏదీ రెండుసార్లు జరగలేదు, కవరు విప్పి చూస్తే లోపలున్నది మంచి జవాబే. మస్తాన్‌వలి స్కూటరు మీద వెళ్ళి సంచి తెచ్చాడు. ఆయన వరండా చేరేసరికి షంషాద్ గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. కామేశ్వరి గారు బయటికి వచ్చి ఆయన చేతిలోని సంచి వైపు చూశారు.

"వలీ గారూ, గుండె ఆగిపోయిందండీ. మా చేతుల్లో ఏమీ మిగల్లేదు."

మస్తాన్‌వలి ఆ సంచిని ఆవిడకి అందివ్వబోయాడు. "తెచ్చానండీ," అన్నాడు. "దొరికింది. తెచ్చాను."

ఆవిడ ఆ సంచి అందుకోలేక, వద్దనలేక అలా నిలబడిపోయారు. చివరికి నర్సు వచ్చి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తీసుకెళ్ళింది.

నన్ను తయారు చేసినప్పుడు జవాబు రాకపోతే ఏం చెయ్యాలో ఎంతో ఆలోచించారు. అడిగినదానికి సరైన జవాబే వచ్చి, అయినా అంతా అయిపోతే ఏం చెయ్యాలో ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించినా రాయడానికేం లేదు.

అంతా అయిపోయి కొన్ని వారాలు గడిచాయి. ఒక పొద్దున ఆ ప్రశ్న దానంతటదే బయల్దేరింది. జహీరా పేరు, గ్రూపు, ఆస్పత్రి. అడిగేది ఎవరికోసమో, ఆ మనిషి ఉన్నారో లేదో చూడమని నా నియమాల్లో ఎక్కడా లేదు. నేను అడిగాను. సామర్లకోట ఉందని చెప్పి, పక్కన పెట్టింది. అక్కడ కనకరత్నం గారు తెర మీద ఆ పేరు చూసి కుర్చీలో కూలబడ్డారు. ఏదో పొరపాటున వచ్చిందిలే అనుకుని కళ్ళు తుడుచుకున్నారు. గడువు తీరాక సంచి మళ్ళీ మామూలు అరలోకి వెళ్ళింది.

తర్వాతి నెల మళ్ళీ వెళ్ళాను. ఈసారి రక్తం అవసరమైన ఒక పెద్దాయన కొడుకు, ఆ సంచి కళ్ళెదురుగానే ఉన్నా, తునికి పరుగెత్తాల్సి వచ్చింది. మస్తాన్‌వలికి ఫోను చెయ్యడానికి కనకరత్నం గారికి నోరు రాలేదు. హైదరాబాదుకి, తబితకి చేశారు.

తబిత రైలెక్కి వచ్చింది. జగన్నాథపురంలో మస్తాన్‌వలి ఇంటికి ఆమె వెళ్ళేసరికి ఆయన ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. షంషాద్ మంచినీళ్ళిచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. తబిత కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడింది. ఆ తర్వాత మెల్లగా, "అన్నా, ఆ ప్రశ్న ఇంకా వెళ్తోంది," అంది.

"తెలుసు."

"తెలిసే ఉంచావా?"

"ఉంచలేదు. తియ్యలేదు." ఆయన తెర వైపే చూస్తున్నాడు. "వెళ్ళే పొద్దున ఇక్కడ కూర్చుంటాను తబితా. దాని పేరుతో ప్రశ్న వెళ్తుంది. దాని పేరుతో జవాబు వస్తుంది. 'జహీరా, బి నెగటివ్, ఉంది' అని. ఆ కాసేపూ..."

"అక్కడ సంచి పక్కన పెట్టేస్తున్నారన్నా. గడువు తీరేదాకా ఇంకెవరికీ ఇవ్వట్లేదు. మొన్న ఒకాయన..."

"చెప్పకు. నాకు తెలుసు. ఆ గడువు పెట్టింది నేనే కదా."

"మరి తీసేద్దామా?"

ఆయన చెయ్యి బల్ల మీద ఉంది, కదల్లేదు. తబితకి ఆ చేతిని దాటి తన చెయ్యి పెట్టే ధైర్యం లేకపోయింది.

అప్పుడు షంషాద్ గుమ్మం దగ్గరనుంచి ముందుకొచ్చింది. "ఏంటమ్మా అది? మా అమ్మాయికి ఇంకా రక్తం వస్తోందా?"

తబిత, "వస్తోంది వదినా. పేరు తియ్యలేదు, అందుకని," అంది.

"ఏమండీ, నాకెందుకు చెప్పలేదు?"

మస్తాన్‌వలి తల తిప్పి భార్య వైపు చూశాడు, అంతే. అడిగితే ఏదో ఒక జవాబు ఇచ్చి తీరాలని నాకు నేర్పిన మనిషి ఆయన.

షంషాద్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "ఇందులో మా అమ్మాయి పేరేది? నాకు ఇంగ్లీషు రాదు." తబిత వేలు పెట్టి చూపించింది. షంషాద్ ఆ అక్షరాల మీద తన వేలు ఆనించి అలాగే కొంతసేపు ఉంది.

"సూది గుచ్చినప్పుడల్లా చెయ్యి నేనే పట్టుకున్నాను," అంది. "ఈయన వరండాలో ఉండేవారు. వదిలెయ్యడమూ నేనే చెయ్యాలి, ఈయన వల్ల కాదు. ఏది నొక్కాలో చెప్పమ్మా."

తబిత చెప్పింది. షంషాద్ నొక్కింది. తెర మీద ఆ వరస పోయి, కింద ఉన్న వరస పైకి జరిగింది. మస్తాన్‌వలి అప్పుడు ఏడ్చాడు. ఆస్పత్రిలో గానీ మట్టి చేసిన రోజున గానీ ఏడవని మనిషి. షంషాద్ ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. తబిత లేచి గ్లాసు వంటింట్లో పెట్టి, చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

తర్వాతి నెల ఆ పొద్దున వచ్చింది. నేను ఎవర్నీ అడగలేదు.

ఆ రోజు తర్వాత మస్తాన్‌వలి తబితతో మాట్లాడలేదు. కోపం అనుకోను. తన ఇంటి మధ్యలో అంత చూసిన మనిషి గొంతు మళ్ళీ వినడం కష్టమై ఉంటుంది. ఆమె ఫోను చేసేది, ఆయన ఎత్తేవాడు కాదు. నాకు ఏదైనా జబ్బు చేస్తే తనే బాగుచేసుకునేవాడు. కొత్త ఊళ్ళేవీ కలపలేదు. ఉన్నవాటిని ఉన్నట్టు నడిపాడు.

కొన్నేళ్ళకి నాకంటే పెద్ద పద్ధతి వచ్చింది. చాలా జిల్లాల రక్తనిధులన్నిటినీ ఒకే చోట కలిపేది. నిజం చెప్పాలి, అది నాకంటే మంచిది. రక్తం ఎవరికోసమో, ఆ మనిషి ఇంకా ఆస్పత్రిలో ఉన్నారో లేదో కూడా చూసుకుంటుంది. పిఠాపురం అటు వెళ్ళింది, తుని వెళ్ళింది, రాజమండ్రి వెళ్ళింది. ఒక్కో ఊరూ నన్ను వదిలేసినప్పుడు గొడవేమీ ఉండదు. ఒకరోజు నేను అడుగుతాను, ఇక్కడ అలాంటి చిరునామా లేదని బస్సు తిరిగొస్తుంది. అంతే. సామర్లకోట ఒక్కటే మిగిలింది, అదీ కనకరత్నం గారు రిటైరయ్యేదాకా ఈ తెరే ఉంచండని బతిమాలడం వల్ల.

ఆవిడ ఆఖరి వారంలో నన్ను ఆపెయ్యడానికి మస్తాన్‌వలి వచ్చాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఆయన వచ్చేసరికి తబిత అక్కడే ఉంది. కనకరత్నం గారు పిలిచారట. ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడ్డారు.

"బాగున్నావా అన్నా?"

"ఊఁ. నువ్వు?"

"బాగున్నాను. వదిన?"

"ఉంది. నువ్వొస్తావని తెలిస్తే తనూ వచ్చేది."

ఇద్దరూ కలిసి లోపలికొచ్చి పాత కంప్యూటరు మీద దుమ్ము తుడిచారు. ఒకరు తెర విప్పుతుంటే ఇంకొకరు స్క్రూలు పట్టుకున్నారు. పని చేస్తున్నంతసేపూ మళ్ళీ ఆ కళ్ళజోళ్ళ దుకాణం పై ఆఫీసులో మనుషుల్లాగే ఉన్నారు. నా కరెంటు వైరు ఒక్కటే మిగిలింది.

ఆ రక్తనిధిని ఆనుకుని చిన్న ఆస్పత్రి ఉంది. వరండా బెంచీ మీద ఒకావిడ ఏడెనిమిదేళ్ళ కూతురిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎదురుచూస్తోంది. పిల్ల మొహం పాలిపోయి ఉంది. ఆవిడ మస్తాన్‌వలిని చాలాసేపు చూసి, లేచి వచ్చింది.

"మీరు జహీరా వాళ్ళ నాన్నగారు కదండీ?"

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి వరండాలోకి వచ్చాడు.

"నా పేరు మంగవేణండీ. మాది వేట్లపాలెం. కాకినాడలో మా లిఖితకీ, మీ అమ్మాయికీ పక్కపక్క మంచాలండీ. అప్పుడు ఇది మరీ చిన్నది. సూదంటే గోల గోల చేసేసేది. మీ అమ్మాయి తన సూది ఉండగానే ఒక చెయ్యి ఇటు చాపి దీన్ని మాటల్లో పెట్టేదండీ." ఆవిడ కూతురి వైపు చూసింది. "ఏమనేదంటే, 'ఈ రక్తం ఇచ్చినాయనకి నీ పేరు తెలీదు, నీకు ఆయన పేరు తెలీదు. అయినా నీ దాకా వచ్చేసింది చూడు. మధ్యలో మా నాన్న ఉన్నాడు, ఏం భయం లేదు' అనేదండీ. ప్రతిసారీ అదే మాట. పిల్లలందరికీ చెప్పేది."

మస్తాన్‌వలి బెంచీ చివర కూర్చున్నాడు. ఆయన వరండాలో నిలబడ్డ రోజులన్నిటిలో, గోడకి అవతల ఆ మాట అంటూనే ఉందన్నమాట ఆ పిల్ల. తండ్రికి ఒక్కసారీ చెప్పలేదు. నన్ను చూపిస్తే మాత్రం, ఇంతేనా నాన్నా అంది.

ఇన్నాళ్ళూ మధ్యలో ఉన్నది నేనే అనుకున్నాను. మనుషులకి నా ఉనికి తెలియదని కాస్త గొప్పగా జాలి పడ్డాను కూడా. ఆ పిల్లకి నాకంటే బాగా తెలుసు.

లోపలినుంచి కనకరత్నం గారు లిఖిత పేరు పిలిచారు. రక్తం వచ్చింది. కొత్త పద్ధతి అడిగి తెప్పించిన సంచి అది, నేను తెచ్చింది కాదు. పిల్ల తల్లి చెయ్యి వదిలి మస్తాన్‌వలి ముందుకొచ్చి నిలబడింది.

"జహీరక్క వాళ్ళ నాన్నవా నువ్వు?"

"అవునమ్మా," అన్నాడాయన. "జహీరా వాళ్ళ నాన్ననే."

కూతురు పోయాక ఆ పేరు, తెర మీది జవాబు చదివినట్టు కాకుండా, ఆయన నోట రావడం నేను విన్నది అదొక్కసారే. పిల్ల లోపలికి నడిచింది. మస్తాన్‌వలి లేచి, వరండాలో ఆగకుండా, వాళ్ళ వెనకే వెళ్ళాడు. తబిత ఆయన వెళ్ళేదాకా చూసి, వంగి వైరు లాగింది.